ముట్టడిలో కొన్న పొలము

ధ్యాన భాగములు: యిర్మీయా 29:1-14, 32:1-27



 చెన్నై పేటలలోను, బళ్ళారి రాయచూరు క్యాంపులలోను, సోలాపూరు మగ్గాల వీధులలోను, బరంపురం రాయగడ ప్రాంతములలోను, యానాంలోను ఉంటూ, తెలుగులో వాక్యము చదువుకోవాలన్న ఆశతో ఈ పత్రిక తెరిచే మీ అందరినీ తలంచుకొని ఈ మాటలు వ్రాస్తున్నాము.

మనలో చాలామందికి ఒక మాట అలవాటు. "ఇక్కడ మనము ఎన్నాళ్ళుంటాములే" అనేదే ఆ మాట. మన తాతలు అన్నారు, మన తండ్రులు అన్నారు, మనమూ అంటున్నాము. సొంతూరి సంఘము నుండి సభ్యత్వ పత్రము తెప్పించుకొని ఇక్కడి సంఘములో చేరమంటే ఆ మాటే. కానుక క్రమముగా ఇవ్వమంటే ఆ మాటే. బాప్తిస్మము సంగతి అడిగితే, "ఊరికి పోయినప్పుడు మా పాస్టరుగారి చేత తీసుకుంటాములెండి" అంటాము. మూడు తరములు గడిచినా మన పెట్టె ఇంకా సర్దుకొనే ఉన్నది.

ఈ మాటలో తప్పేమున్నది, మనము లోకములో యాత్రికులమూ పరదేశులమూ అని పేతురు కూడా వ్రాశాడు గదా అని మీరు అడుగవచ్చు. నిజమే. అయితే పేతురు ఆ మాట వ్రాసినది పరదేశులు పరిశుద్ధముగా నడుచుకోవాలని చెప్పుటకే గాని, విధేయతను వాయిదా వేసుకోవచ్చునని చెప్పుటకు కాదు. దేవుడు నమ్మదగినవాడని మనము ఆదివారము పాడుతున్నాము. సోమవారము నుండి శనివారము వరకు ఆ నమ్మకము మన చేతులలో ఏ పనిగా కనబడుతున్నది? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు యిర్మీయా ప్రవక్త కొన్న ఒక పొలము దగ్గరకు మిమ్మును తీసుకొని వెళ్ళగోరుచున్నాము.

1. కొనకూడని కాలములో కొన్నాడు

అది యూదా రాజైన సిద్కియా ఏలుబడిలో పదవ సంవత్సరము. బబులోను రాజు సైన్యము యెరూషలేమును ముట్టడించి ఉన్నది. యిర్మీయా బందీగా ఉన్నాడు. పట్టణము శత్రువు చేతికి పోతుందని దేవుని మాట చెప్పినందుకే రాజు అతనిని అక్కడ ఉంచాడు. అట్టి సమయములో అతని పినతండ్రి షల్లూము కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలము కొనుక్కో, విడిపించుకొనే హక్కు నీదే అని అడిగాడు. హనమేలు వస్తాడని దేవుడు ముందుగానే యిర్మీయాకు తెలియజేశాడు. కనుక ఇది యెహోవా వాక్కేనని అతడు గ్రహించాడు.

ఈ బేరము సంగతి కొంచెము ఆలోచించండి. అనాతోతు యెరూషలేముకు కూతవేటు దూరములోని ఊరు. ఆ ప్రాంతమంతా కల్దీయుల చేతిలో ఉన్నది. శత్రువు గుడారాలు వేసిన పొలానికి మనలో ఎవరైనా బయానా ఇస్తామా? కొనేవాడా, చెరలో ఉన్నవాడు. వెళ్ళి హద్దురాళ్ళు చూసుకొనే వీలు కూడా లేదు. పైగా దేశమంతా చెరలోకి పోతుందని నలభై యేండ్లుగా ప్రకటిస్తున్నవాడు తానే. ఏ లెక్కన చూసినా అది డబ్బు పారవేసుకొనుటే.

అయినా యిర్మీయా పదియేడు తులముల వెండి తూచి ఇచ్చాడు. మన లెక్కలో అది రెండు వందల గ్రాములకు కొంచెము తక్కువ. క్రయపత్రము వ్రాయించి సంతకము చేశాడు. సాక్షులను పెట్టాడు. ముద్ర వేసిన పత్రము ఒకటి, ముద్ర వేయనిది ఒకటి, రెండింటినీ నేరీయా కుమారుడైన బారూకు చేతికిచ్చి, చాలా కాలము చెడిపోకుండా మట్టికుండలో పెట్టుమన్నాడు. ఈ దేశములో ఇండ్లు, పొలములు, ద్రాక్షతోటలు మరల కొనబడతాయన్నదే దేవుడు ఆ సంగతికి చెప్పిన అర్థము.

ఇక్కడ మనము నేర్చుకోవలసినది గమనించండి. "దేవుడు మమ్మును తిరిగి రప్పిస్తాడని నమ్ముతున్నాను" అని యిర్మీయా సాక్ష్యము మాత్రము చెప్పి ఊరుకోలేదు. త్రాసు తెప్పించాడు. వెండి తూచాడు. దస్తావేజు వ్రాయించాడు. దేవుని మాట నెరవేరక ముందే, ఆ మాట నిజమని ఎంచి, మన చేతి సొమ్మును, మన పేరును, మన సంతకమును దాని మీద పెట్టుటే విధేయత. వాగ్దానము కండ్ల ముందు నెరవేరిన తరువాత పొలము కొనుటకు విశ్వాసము అక్కరలేదు. డబ్బుంటే చాలు.

2. లోబడిన తరువాత కలవరపడ్డాడు

కొందరు విశ్వాసులు మాతో ఇలా అంటారు: "అయ్యా, మా మనస్సులో ఇంకా సందేహమున్నది. సందేహము పోయిన తరువాత లోబడతాము." ఈ అధ్యాయములో క్రమము వేరుగా ఉన్నది. యిర్మీయా ముందు పత్రము బారూకు చేతికిచ్చాడు. ఆ తరువాత ప్రార్థనకు కూర్చున్నాడు. ఆ ప్రార్థన చదివితే అతని కలవరము మనకు తెలుస్తుంది. భూమ్యాకాశములను చేసిన నీకు కష్టమైనది ఏదీ లేదని ఒప్పుకున్నాడు. ఐగుప్తులో నుండి తమ పితరులను రప్పించిన సంగతి జ్ఞాపకము చేసుకున్నాడు. చివరకు, ప్రభువా, ముట్టడి దిబ్బలు పట్టణము వరకు వచ్చినవి, నీవేమో పొలము కొనుమన్నావు అని తన అయోమయమును దేవుని ముందర పెట్టాడు.

దేవుడు అతనిని గద్దించలేదు. తనకు అసాధ్యమైనది ఏదైనా ఉన్నదా అని యిర్మీయా ఒప్పుకొన్న మాటనే తిరిగి అతనిని అడిగాడు. కనుక సహోదరులారా, అర్థము కాకపోవుట పాపము కాదు. అర్థము కాలేదు గనుక చేయము అనుటే అవిధేయత. లోబడి కలవరపడే బిడ్డతో మన తండ్రి మాట్లాడుతాడు.

3. చెరలో ఉన్నవారికి వ్రాసిన ఉత్తరము

పొలము కొనుటకు కొన్ని యేండ్లు ముందే, బబులోనుకు చెరగా పోయిన వారికి యిర్మీయా ఒక ఉత్తరము పంపాడు. అది మన వంటివారి కొరకే వ్రాసినట్టు ఉంటుంది. అప్పుడు హనన్యా అనే ప్రవక్త రెండేండ్లలో అంతా తిరిగి వచ్చేస్తారని ప్రకటించాడు. ఆ మాట జనులకు తియ్యగా ఉన్నది. యిర్మీయా మాత్రము డెబ్బది యేండ్లు అన్నాడు. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలము తినండి, పిల్లలకు పెండ్లిండ్లు చేయండి, మీరున్న పట్టణపు క్షేమము కోరి దాని కొరకు ప్రార్థన చేయండి, దాని క్షేమములోనే మీ క్షేమమున్నది అని ఆ ఉత్తరపు సారాంశము.

మన "ఎన్నాళ్ళుంటాములే" అనే మాట హనన్యా బోధకు చుట్టమని మాకు తోస్తున్నది. సొంతూరి మీద ప్రేమ తప్పు కాదు. యిర్మీయాకు అనాతోతు సొంతూరే. కాని తిరిగిపోయే ఆశ, ఉన్నచోట లోబడకుండుటకు సాకు కారాదు. మీ వీధిలో కన్నడము, తమిళము, మరాఠీ, ఒడియా మాట్లాడే పొరుగువాడు ఉన్నాడు. అతని క్షేమము కొరకు మనము ఎన్నడైనా ప్రార్థించామా? లేక మన ప్రార్థనలన్నీ బస్సెక్కి సొంతూరికే పోతున్నవా?

4. ఆయన మరచిపోలేదు

యిర్మీయా ఆ పొలములో నాగలి పెట్టినట్టు లేఖనము ఎక్కడా చెప్పదు. పట్టణము కూలిపోయింది. తరువాత జనులు అతనిని ఐగుప్తుకు తీసుకొనిపోయారు. చూచేవారికి పదియేడు తులములు వృథా అయినట్టే.

ఇప్పుడు ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము తెరవండి. కోరెషు రాజు సెలవిచ్చిన తరువాత చెర నుండి తిరిగి వచ్చినవారి లెక్క అది. పేర్లు, అంకెలు మాత్రమే ఉన్నవని సాధారణముగా మనము ఆ పేజీ తిప్పివేస్తాము. ఇరువది మూడవ వచనములో అనాతోతు వారు ఎంతమంది వచ్చారో వ్రాసి ఉన్నది: 128 మంది. నెహెమ్యా ఏడవ అధ్యాయములో కూడా అదే లెక్క. మట్టికుండలో దాచిన పత్రములో ఉన్న ఊరికి మనుషులు తిరిగి వచ్చారు. యిర్మీయా చూడలేదు. దేవుడు మాత్రము లెక్క తప్పలేదు. ఆయన నమ్మకత్వము మన ఆయుస్సుతో ముగిసేది కాదు.

మన బాప్టిస్టు పితరుల చరిత్రలోను ఈ సంగతి కనబడుతుంది. 1836లో శామ్యూల్ డే దొరగారు తెలుగువారి మధ్యకు వచ్చారు. ఫలము బహు స్వల్పము. 1853లో ఈ తెలుగు మిషనును మూసివేయుదమా అని అమెరికాలో చర్చ జరిగింది. అయినా 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసానిగారు, వారితో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండ ఎక్కి, ఈ ప్రాంతమునకు సేవకుని పంపుమని ప్రార్థించారు. క్లౌ దొరగారు ఒంగోలుకు కాపురము వచ్చేసరికి 1866. అంటే పన్నెండు యేండ్లు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిది మందితో ఏర్పడింది.

తరువాత 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరవు. ఆకలిగొన్న జనులకు కూలి దొరకాలని క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము పని గుత్తకు తీసుకున్నారు. చెన్నైలో ఉన్న మన సహోదరులు ఈనాటికీ దాటే కాలువ అదే. వేలమంది వాక్యము విని బాప్తిస్మము కోరారు. కాని కూలి కొరకు, బియ్యము కొరకు ఎవరూ క్రైస్తవులు కాకూడదని, కరవు సహాయము జరిగినంత కాలము ఆయన బాప్తిస్మములు ఇవ్వలేదు. లెక్క పెంచుకొనే అవకాశము చేతిలో ఉండగా ఆగుట ఎంత కష్టమో ఆలోచించండి. సహాయము ముగిసిన తరువాత కూడా జనులు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్య మనము గర్వముగా చెప్పుకుంటాము. ఆ సంఖ్యకు ముందున్న పన్నెండు యేండ్ల ఎదురుచూపును, కరవు నాటి ఆగుటను కూడా మన పిల్లలకు చెప్పాలి.

5. రెండు గుంటల స్థలము

మా సంగతి కొంత చెప్పుటకు సెలవియ్యండి. మేమున్నది తుంగభద్ర ఎడమ కాలువ క్రింద ఒక క్యాంపులో. 1953లో ఆనకట్ట నుండి నీరు వచ్చిన తరువాత కోస్తా జిల్లాల రైతులు ఇక్కడి భూములు కొనుక్కొని వచ్చారు. వారి వెంట నాట్లకు, కోతలకు మన జనమూ వచ్చింది. మా తల్లిదండ్రులు అట్లు వచ్చినవారే.

చాలా కాలము మా ఆరాధన ఒక వేపచెట్టు క్రిందనే జరిగేది. ఒకనాడు ఇక్కడి రైతు ఒకాయన రెండు గుంటల స్థలము అమ్ముతానన్నాడు. సంఘములో పెద్దలమంతా కూర్చొని మాట్లాడుకున్నాము. "మనము ఇక్కడ ఎన్నాళ్ళుంటాము? ఈ డబ్బుతో ఊళ్ళో ఇంకొక గది వేసుకోవచ్చు" అన్న మాట ఆ రోజు మా నోటనే వచ్చింది. దాచిపెట్టుట ఎందుకు?

అప్పుడు మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఒక విధవరాలు కొంగు ముడి విప్పింది. ఆ కారు నాట్లకు వచ్చిన కూలి అంతా అందులో ఉన్నది. "పెద్దమ్మా, నీవు తినవద్దా? ఇక్కడ మనము ఉండేది ఎన్నాళ్ళు?" అని అడిగాము. "నేను ఎన్నాళ్ళుంటానో నాకేం తెలుసు నాయనా. ప్రార్థన ఉండాలి గదా" అన్నది. ఆ తరువాత మాట్లాడుటకు మాకు నోరు రాలేదు. స్థలము కొన్నాము. దస్తావేజు ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఒక పెద్ద ఇంట్లో భద్రము చేశాము.

పైకప్పు వేయక ముందే పెద్దమ్మ ప్రభువునందు నిద్రించింది. ఈనాడు ఆ రెండు గుంటలలో రేకుల మందిరమున్నది. బడిలో కన్నడము చదువుకొనే పిల్లలు అక్కడ ఆదివారము తెలుగులో కంఠత వాక్యము అప్పజెప్పుతున్నారు. ఆమె చూడలేదు. ఆమె నమ్మిన దేవుడు చూస్తున్నాడు.

6. ఒక్క గేటు

2024 ఆగస్టు 10 రాత్రి మా ఆనకట్టకు ఉన్న 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయింది. మిగిలిన 32 గేట్లు కొట్టుకొనిపోలేదు. అయినా ఆ ఒక్క సందు నుండి నీరు పోతూ ఉంటే కాలువ క్రింది క్యాంపులలో ఎవరికీ నిద్ర లేదు. వారము రోజులలో తాత్కాలికముగా ఇనుప పలకలు దించి నీరు ఆపగలిగారు. అప్పటి వరకు మా జనమంతా ఆ ఒక్క గేటు గురించే ప్రార్థించాము.

మన జీవితములోను ఇంతే. ఆరాధనకు వస్తాము, బల్లలో పాలుపొందుతాము, కానుక వేస్తాము. ముప్పది రెండు గేట్లు బాగున్నవి. ఒక్క సంగతిలో మాత్రము "తరువాత చూద్దాము" అంటాము. సమాధానమంతా ఆ సందులో నుండే కారిపోతుంది.

మా 19వ గేటు ఏదో చెప్పకుండా మీకు బోధించుట న్యాయము కాదు. సొంతూరిలో తండ్రిగారి ఇంటి గోడ విషయమై మాకును మా అన్నగారికిని మాట పడింది. రెండు గజాల స్థలము సంగతి. తొమ్మిదేండ్లు మాటలు లేవు. క్రిస్మసు సెలవులకు ఊరికి వెళ్ళినా ఆయన వీధి తప్పించుకొని తిరిగేవారము. అర్పణమును బలిపీఠము వద్ద విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు మత్తయి ఐదవ అధ్యాయములో ఆజ్ఞాపించాడు. ఆ వాక్యము మీద ఆ తొమ్మిదేండ్లలో మేమే రెండుసార్లు ప్రసంగించాము. "ఈసారి ఊరికి పోయినప్పుడు చూద్దాము" అని ప్రతి యేడూ అనుకొనేవారము.

ఒక తెల్లవారుజామున ఫోను వచ్చింది. మేము బస్సులు మారి చేరేసరికి అన్నగారిని సమాధి చేశారు. ఆ గోడ దగ్గర నిలువబడి వదినగారికి చేతులు జోడించాము. స్థలము మాకు వద్దని చెప్పాము. ఆమె క్షమించింది. ప్రభువు క్షమించాడని నమ్ముతున్నాము. మనము నమ్మదగనివారమైనా ఆయన నమ్మదగినవాడుగా ఉంటాడని పౌలు తిమోతికి వ్రాసిన మాటయే మాకు ఆధారము. కాని అన్నగారి నోట "తమ్ముడా" అనే మాట వినే భాగ్యము మాత్రము పోయింది. దేవుని క్షమాపణకు ఆలస్యము లేదు. మన ఆలస్యమునకు మాత్రము వెల ఉన్నది.

7. ఈ నెలలో చేయవలసినది

ప్రియులారా, దేవుని నమ్మకత్వమును గురించి ఇంకొక ప్రసంగము విని ఊరుకొనవద్దు. త్రాసు తెప్పించండి. ఈ నెలలోనే ఒక్క పని చేయండి.

సభ్యత్వ పత్రము ఊరిలో ఉన్నవారు ఉత్తరము వ్రాసి తెప్పించుకొని, మీరున్న చోటి సంఘములో చేరండి. ఆ సంఘపు భారము మీ భారమని ఎంచండి.

మేస్త్రీలుగా ఉన్న సహోదరులు కూలివారి బాకీ శనివారము సాయంత్రమే పూర్తిగా ఇవ్వండి. నిలిపి ఉంచిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని యాకోబు తన పత్రికలో హెచ్చరించాడు.

ఇంటిలో కుటుంబ ప్రార్థన ఆగిపోయి ఉంటే ఈ రాత్రే మరల ఆరంభించండి. పిల్లలకు తెలుగు అక్షరములు రాకపోతే నేర్పండి. నేర్చుకొనే వరకు వారికి వచ్చిన భాషలోనే వాక్యము చదివించండి. వాక్యము లేని తెలుగు మన బిడ్డలను కాపాడలేదు.

ఎవరితోనైనా మాటలు లేకపోతే, ఊరికి పోయే వరకు ఆగవద్దు. ఇప్పుడు ప్రతి చేతిలోను ఫోను ఉన్నది. పత్రిక ప్రక్కన పెట్టి ఆ నంబరు నొక్కండి.

మీరున్న ఊరి పేరు చెప్పి, ఆ ఊరి క్షేమము కొరకు ప్రతి దినము ప్రార్థించండి.

ఇవి చిన్న పనులే. పదియేడు తులములు కూడా చిన్న మొత్తమే. ఫలితము మనము చూడవచ్చు, చూడకపోవచ్చు. అనాతోతు లెక్క వ్రాయించిన దేవుడు మన క్యాంపుల లెక్క, మన పేటల లెక్క మరువడు.

ప్రార్థన: నమ్మదగిన మా తండ్రీ, ఎన్నాళ్ళుంటామో మాకు తెలియదు. ఉన్నన్నాళ్ళు నీ మాట వినే మనస్సు మాకు దయచేయుము. మేము వాయిదా వేసిన వాటిని క్షమించి, ఈ దినమే లోబడుటకు బలమిమ్ము. మేమున్న ఊరిని దీవించుము. సొంతూరిలో ఉన్న మా వారిని కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.